ముందు ఎవరి కట్లు?

పిల్లల సాహస కథల్లో ఆపద చాలావరకు ఎవరో ఒకరి పొరపాటుతోనే మొదలవుతుంది. ఆ పొరపాటు ఫలితం ఎవరు మోయాలన్నది మాత్రం పెద్ద ధర్మసందేహం. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక'లోని మిత్రలాభం ఆ సందేహాన్ని పసివాళ్ల ముందే విప్పింది.

అడవిలో వేటగాడు నూకలు చల్లి వల పన్నాడు. మనుషులు మసలని చోట నూకలెక్కడివని పావురాల రాజు చిత్రగ్రీవుడు అనుమానించాడు. ఒక పావురం ఆ మాట కొట్టిపారేసింది. అన్నీ వాలాయి, అన్నీ చిక్కుకున్నాయి. మిగతావి దాన్ని తిట్టిపోస్తుంటే, ఇది తప్పులెన్నే వేళ కాదని రాజు ఆపాడు. ఒక్కసారిగా లేచి వలతో సహా ఎగిరిపోయాయి. సాహసం అక్కడికి ముగిసినా అసలు పరీక్ష ఎలుక కన్నం దగ్గర ఎదురైంది. ఎలుక హిరణ్యకుడు స్నేహితుడి కట్లు కొరకబోతే, ముందు తనవాళ్లవి కొరకమన్నాడు చిత్రగ్రీవుడు. తన పళ్లకు అంత బలం లేదని, ముందు రాజు కట్లు తెంచి, పళ్లు పనిచేసినంతవరకు మిగతావాళ్ల సంగతి చూస్తానని ఎలుక అంది. తన్ను తాను కాపాడుకోవడం నీతి అని కూడా గుర్తు చేసింది. తీసిపారేయదగ్గ వాదన కాదది. అయినా రాజు ఒప్పుకోలేదు. ఆ మనసుకు మెచ్చి ఎలుక అందరి కట్లూ తెంచింది.

ముందే హెచ్చరించినవాడు చిత్రగ్రీవుడు. కర్మ లెక్కన అతని మీద దోషం లేదు. నమ్ముకున్నవాళ్లు ఉన్నారు గనకే భారం తనమీద వేసుకున్నాడు. హిరణ్యకుడు కూడా మిత్రుడు గనకే ఎదురు చెప్పాడు. తప్పు చేసిన పావురానికి శిక్ష ఏదని పిల్లలు అడగక మానరు. కథ దాని కట్లూ తెంచి ఊరుకుంది, అందులోనే కథ గొప్పతనం ఉంది.

1947లో మొదలైన 'చందమామ' తర్వాతి ఏళ్లలో నడిపిన బేతాళ కథల్లో బాధ్యత మాటకు సంబంధించింది. బేతాళుడి ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

రైల్వే ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్‌లో ఈ బాధ్యత ప్రశ్నకు మరో రూపం ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918 నాటి 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' కవితలో ముఖ్యఘట్టం ఆ స్టేషన్లోనే జరుగుతుంది. జబ్బుమనిషి బిను అక్కడ రైలు మారడానికి ఆగింది. కూలీ భార్య రుక్మిణికి కూతురి పెళ్లి కోసం 25 రూపాయలు కావాలని తెలిసి, ఇచ్చి తీరాలని భర్తకు చెప్పింది. అతను రుక్మిణిని బెదిరించి రెండు రూపాయలతో పంపేసి, భార్య దగ్గర నిజం దాచాడు. బిను పోయాక బాకీ తీర్చాలని బిలాస్‌పూర్ వస్తే, రుక్మిణి కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోయింది.

ఇది పిల్లల కోసం రాసింది కాదు. అయినా మిత్రలాభం చదివి ఎదిగినవాళ్లకు తర్వాత ఇవ్వదగ్గ రచన ఇదే. చిత్రగ్రీవుడికి ఎలుక పళ్లు చివరి కట్టు దాకా సరిపోయాయి. బిను భర్తకు గడువు దాటిపోయింది.