వినువాని ధర్మము

ఆర్తుడు మొరపెట్టుకొనుటను గూర్చి మన పురాణములు చెప్పినంత విస్తారముగా, ఆ మొరను వినవలసినవాని ధర్మమును గూర్చి చెప్పలేదు. మకరిపట్టున చిక్కిన గజరాజు ఎట్లు పిలిచినది, కురుసభలో ద్రౌపది ఎట్లు పిలిచినది, ఆ పిలుపులలోని శరణాగతి ఎట్టిది అను విషయములను పెద్దలు తరతరములుగా వ్యాఖ్యానించుచు వచ్చిరి. వినువాడు భగవంతుడే గనుక, ఆయన వినుటలో లోపముండునన్న శంకకు తావు లేదు గనుక, వినుట అను క్రియను విడదీసి విచారింపవలసిన అక్కర వారికి కలుగలేదు కాబోలు. కాని ఈ కాలమున ఆపదలో నున్నవాని మొర మొట్టమొదట చేరునది ఒక మనుష్యుని చెవికి. వందల మైళ్ల దూరమున, ఒక గదిలో, చెవులకు యంత్రమును తగిలించుకొని, ఎదుట తెరపై పటమును చూచుచు కూర్చుండిన ఉద్యోగి అతడు. కన్నులార చూడనిదానిని, చేతితో తాకలేనిదానిని, కేవలము విని, వినినంతమాత్రమున దానికి బాధ్యుడగు ఆ మనుష్యుని ధర్మమేమి? అతని కర్తృత్వమెంత? తన కర్మకు ఫలమేమైనదో అతనికి తెలియనే తెలియనప్పుడు ఆ కర్మకు పూర్ణత ఎక్కడ? ఈ ప్రశ్నలు నన్ను చాలకాలముగా విడువకున్నవి.

నేను నివసించు పారమట్టా సిడ్నీ మహానగరమునకు పడమటి భాగమున, 1788లోనే వెలసిన పాతపట్టణము. ఇచ్చటను, చుట్టుపట్ల వెస్ట్‌మీడ్, హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్ ప్రాంతములలోను తెలుగు కుటుంబములు విరివిగా కాపురమున్నవి. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిపై హెలికాప్టరు దిగుట మాకందరకు అలవాటైన దృశ్యము. అందులో వచ్చిన రోగి నీలగిరులవలె మసకగా కనబడు ఆ బ్లూ మౌంటెన్స్ కవతల ఏ పల్లెనుండి, ఏ పొలము గట్టునుండి వచ్చెనో చూచు మాకు తెలియదు; అతనికొరకు మొదటి ఫోనును అందుకొన్నవారికి అతడు ఇచ్చట దిగినాడనియు, పిదప బ్రతికి బట్టకట్టినాడనియు తరచుగా తెలియదు. ఒకే ప్రాణము నిలిచిన కథలో మొదలు కొందరికి, తుద కొందరికి మాత్రమే ఎరుకపడుట ఈ వృత్తికి సహజమైన స్థితి.

ఆస్ట్రేలియా దేశమున అత్యవసరమునకు మూడు సున్నలు నొక్కుట 1961 నుండి వచ్చుచున్న పద్ధతి. ఆ పిలుపును మొదట టెల్‌స్ట్రా సంస్థ ఆపరేటరు అందుకొని, పోలీసు కావలెనా, ఫైరింజను కావలెనా, అంబులెన్సు కావలెనా అని అడిగి, ఊరి పేరు తెలిసికొని, ఆయా రాష్ట్రపు సేవకు అప్పగించును. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున అంబులెన్సు కంట్రోల్ రూములు సిడ్నీ, న్యూకాసిల్, వొల్లొంగాంగ్ ప్రాంతములయందే గాక, సిడ్నీకి వాయవ్యముగా సుమారు 400 కిలోమీటర్ల దూరమున, గోధుమచేలకును గొఱ్ఱెల మందలకును నడుమ నున్న డబ్బో పట్టణమునను గలవు. ఈ రాష్ట్రపు విస్తీర్ణము దాదాపు 8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రములను కలిపినను సుమారు 2 లక్షల 75 వేలే. ఇంతటి నేలలో జనులలో అధికభాగము సముద్రతీరమునే అంటిపెట్టుకొని యుండగా, పడమటి సీమలలో ఇంటికిని ఇంటికిని నడుమ క్రోసులకొలది దూరము. అంబులెన్సు చేరుటకు ఒక్కొక్కచోట గంట పట్టినను ఆశ్చర్యము లేదు. ఆ గంటసేపును రోగికి తోడుగా నుండునది ఫోనులోని కంఠస్వరము మాత్రమే.

ఆ గదిలో జరుగు పనిని కొంచెము దగ్గరగా చూడుడు. ఒకరు పిలుపును అందుకొని ప్రశ్న లడుగుచుండగనే, డిస్పాచర్ అనబడు మరియొకరు ఆ ప్రశ్నలు ముగియకమునుపే బండిని బయలుదేరదీయుదురు. అన్నిటికంటె ముందడుగు ప్రశ్న రోగమును గూర్చి కాదు, స్థలమును గూర్చి; ఏలయన ఫోను మధ్యలో తెగిపోయినను, చోటు తెలిసినచో బండి వెళ్లగలదు. ఇచ్చటి పల్లెలలో ఇంటి నెంబరే దూరమును చెప్పును: బాట మొదలునుండి ఎన్ని పదుల మీటర్లున్నవో ఆ సంఖ్యయే ఇంటి వాకిట పలకపై వ్రాయబడియుండును, 1530 అని యున్నచో ఆ యిల్లు బాట ఆరంభమునకు 15 కిలోమీటర్ల 300 మీటర్ల దూరమున నున్నదని అర్థము. చోటు తెలిసిన పిమ్మట, కుప్పకూలిన భర్తయెదుట వణకుచున్న ఇల్లాలితో ఆ కంఠము చెప్పును: అతనిని వెల్లకిల పరుండబెట్టుము, రొమ్ము నడుమ అరచేతిని, దానిపై రెండవ అరచేతిని ఉంచుము, గట్టిగా, వేగముగా నొక్కుము, నాతో కూడ లెక్కపెట్టుము అని. నిమిషమునకు నూరునుండి నూటయిరువది మార్లు, అయిదు సెంటీమీటర్లు దిగునట్లుగా నొక్కవలెను. ఆమె అలసి, ఇక నావల్ల కాదన్నప్పుడు, నీవు చక్కగా చేయుచున్నావు, ఆపకుము, బండి దారిలోనున్నది అని పలుకుచు, ఆ ఉద్యోగి తానును అంకెలు లెక్కించుచునే యుండును. ఒకరి చేతులు ఒకచోట, వానిని నడపు బుద్ధి మరియొకచోట. ఈ కర్మకు కర్త ఎవరని తార్కికుడు అడిగినచో సమాధానము సులభము కాదు.

మహాభారతమున సంజయునకు దివ్యదృష్టి లభించెను. కురుక్షేత్రమున జరుగుచున్నదంతయు దూరమున నుండియే చూచెను, చెప్పెను, కాని యుద్ధగతిని కొంచెమైనను మార్చుటకు అతనికి శక్తి లేకుండెను. ఈ ఉద్యోగి స్థితి దానికి సరిగా విపరీతము: ఇతనికి చూచు శక్తి లేదు, కాని చేయవలసిన భారము కలదు. చూడకయే చేయుటకు ఏది ఆధారమగును? ఏకాగ్రమైన శ్రవణమే. శ్వాస ఆడుచున్నదా, ఆడినను అది మరణకాలపు ఎగశ్వాసయా, వెనుక ఏడ్చుచున్న బిడ్డ ఎవరు, చెప్పువాని మాటలో పొంతన ఎక్కడ తప్పుచున్నది అనునవన్నియు చెవి ఒక్కటియే పట్టుకొనవలెను. మన శాస్త్రములు శ్రవణమును నవవిధభక్తులలో మొదటిదిగను, ఆత్మజ్ఞానమునకు మొదటి మెట్టుగను చెప్పినవి. ఆ శ్రవణము గురువాక్యమునకును భగవత్కథకును సంబంధించినది నిజమే. కాని మనస్సును అన్యమునుండి మరలించి, అహంకారమును అణచి, ఎదుటివాని వాక్కునకు తన్నుతాను పూర్తిగా అర్పించుకొనుటయే శ్రవణమునకు లక్షణమైనచో, ఆర్తుని మొర వినువాడును ఆ సాధననే చేయుచున్నాడని నా నమ్మకము.

ఈ దేశమున ఈ విషయమును బాగుగా గ్రహించినవాడు ఒక మతబోధకుడగుట గమనింపదగినది. ప్రెస్బిటేరియన్ సంఘమునకు చెందిన జాన్ ఫ్లిన్ 1912లో ఆస్ట్రేలియన్ ఇన్లాండ్ మిషన్‌ను స్థాపించి, నడిమి ఎడారిసీమలలో వైద్యము లేక మడియుచున్న జనులకొరకు బహుకాలము శ్రమించెను. 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ నుండి మొదటి విమానవైద్యుడు ఆకాశమార్గమున రోగికడకు బయలుదేరెను. అయితే విమానమును వైద్యుడును సిద్ధముగ నున్నను, వందల మైళ్లలో తంతితీగ లేని పశువుల పెంపకపు స్థావరమునుండి మొర చేరుటెట్లు? అడిలైడ్ వాసియగు ఆల్ఫ్రెడ్ ట్రెయిగర్ కాళ్లతో త్రొక్కి విద్యుత్తును పుట్టించు రేడియోను నిర్మించి ఇచ్చుటచే, 1929 నుండి ఆ లోపము తీరసాగెను. కరుణ ఎంత గొప్పదైనను దానికొక చెవి ఉండవలెనని ఫ్లిన్ మహాశయుడు ఎరిగియుండెను. ఆయన నెలకొల్పిన సేవ నేడు రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అను పేర ఈ దేశమంతట పనిచేయుచున్నది.

ఇప్పుడు గజేంద్రుని కథకు మరలుదము. పోతన భాగవతమున అష్టమస్కంధములో ఒక సూక్ష్మమున్నది. కథ వినువారు తరచుగా దానిని దాటిపోవుదురు. గజేంద్రుడు ఫలానా దేవుడా రమ్మని పేరుపెట్టి పిలువలేదు. ఈ జగత్తు ఎవనియందు పుట్టి, ఎవనియందు నిలిచి, ఎవనియందు లయించునో, వాడే నాకు దిక్కు అనెను. ఆ మొరను బ్రహ్మాది దేవతలును వినిరి. వినియు, తాము విశ్వమయులు కారు గనుక, ఆ పిలుపు తమదని వారికి తోపలేదు; ఊరకుండిరి. విష్ణువు మాత్రము శంఖచక్రముల మాటయే మరచి, లక్ష్మీదేవికి సైతము చెప్పక బయలుదేరెను. ఈ కథలోని నీతి భక్తునికే గాక, వినువానికిని ఉన్నది. వినుటయు, ఆ పిలుపు నాదే అని గ్రహించుటయు వేరువేరు. మూడు సున్నలు నొక్కిన పల్లెవాసి ఎవరిని పిలిచినట్లు? అతనికి ఏ ఉద్యోగి పేరును తెలియదు. ఎవరు వినిన వారినే అతడు పిలిచినాడు. పేరులేని పిలుపును తన పేర వచ్చినదిగా స్వీకరించుటలో, పరిమితుడైన మనుష్యుడు కూడ, క్షణకాలమైనను, ఆ విశ్వమయత్వములో పాలుపంచుకొనుచున్నాడు. భగవంతునకు చిరునామా అక్కరలేదు. మనుష్యుడు చోటెక్కడని అడుగక తప్పదు. ఇరువురకును గల భేద మింతియే గాని, పిలుపునకు పలుకుట అను ధర్మము ఒక్కటియే.

ఇక ఫలమును గూర్చి. ఫలాపేక్ష లేక కర్మ చేయుమని గీత బోధించినది గదా, ఫలము తెలియని ఈ ఉద్యోగి అప్రయత్నముగనే నిష్కామకర్మయోగి అగునని కొందరు తలతురు. నేను ఒప్పుకొనలేను. చేతిలో నున్నదానిని విడుచుట త్యాగము. కంటికే కనబడనిదానిని పోగొట్టుకొనుట త్యాగము కాదు, వెలితి. అంబులెన్సు వాకిట ఆగినంతనే ఫోను తెగును. మరుక్షణమున మరియొక ఫోను మ్రోగును. ఆ మనుష్యుడు బ్రతికెనా అను ప్రశ్న హృదయములో మిగిలిపోవును. ఒకే ఊరిలో ఒకే బండియుండి, రెండు పిలుపులు ఒకేసారి వచ్చినపుడు, రెండవ యింటికి వేచియుండుమని చెప్పినవారి మనస్సులో ఆ రాత్రి ఎట్లు గడచునో ఊహింపవచ్చును. ఈ భారమును వేదాంతవాక్యముతో కొట్టివేయుట అన్యాయము.

పూర్వమీమాంసకులు ఇటువంటి చిక్కునే మరియొకచోట ఎదుర్కొనిరి. యాగము నేడు ముగియును. స్వర్గము ఎప్పుడో కలుగును. నడుమ ఈ రెంటిని కలుపునదేది? అపూర్వము అను కనరాని శక్తి యొకటి కర్మనుండి పుట్టి, ఫలకాలమువరకు నిలిచియుండునని వారు సిద్ధాంతము చేసిరి. ఫోనువద్ద కూర్చున్నవాని కర్మకును ఆసుపత్రిలో కన్నుతెరచిన రోగికిని నడుమ నిలిచియున్నది ఏది? బండి తోలినవారు, ఊపిరి నిలిపినవారు, హెలికాప్టరు నడపినవారు, శస్త్రచికిత్స చేసినవారు, వీరందరియందు అతడుంచిన విశ్వాసము. నా వంతు నేను సక్రమముగా చేసితిని, తరువాతివారు తమ వంతు చేయుదురు అను ఆ విశ్వాసమే ఇచ్చట అపూర్వము. అందరికి ఒకే క్రమమున ఒకే ప్రశ్నలడుగవలెనను విధియు అట్టి విశ్వాసమునుండి పుట్టినదే. పలుదేశములలో వాడుకలోనున్న అట్టి ప్రశ్నావళిని అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీయందు జెఫ్ క్లాసన్ అను వైద్యుడు 1970ల చివర రూపొందించెను. యాగవిధివలె అది కర్తకు స్వేచ్ఛను కొంత తగ్గించినను, ధనికుడని, దరిద్రుడని, యాస వేరని తరతమభేదము చూపకుండ కాపాడును. కర్మకు పూర్ణత ఫలము తెలియుటలో లేదు. తన వంతును కొరత లేకుండ చేసి, దానిని నమ్మకముతో తరువాతి చేతికి అందించుటలో నున్నది.

మన తెలుగుదేశమున 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమైనప్పటినుండి, ఏ పెద్ద ఆసుపత్రిముఖమును చూడని పల్లెజనులకు కూడ పిలిచిన పలుకు నాథుడున్నాడన్న ధైర్యము కలిగినది. అయినను పాడేరు, అరకు మన్యములలో దారిలేని గూడెములనుండి గర్భిణీస్త్రీలను డోలీలో మోసికొనివచ్చి, రోడ్డుపై నిలిచిన 108 బండికి అందింపవలసిన దురవస్థ పూర్తిగా తొలగలేదు. వినువాడొక్కడు వినిన చాలదు. ఆ వినికిడికి బాట వేయవలసినది సమాజము. యంత్రములును ఒక్కొక్కప్పుడు మూగవోవును: 2023 నవంబరు 8న ఈ దేశమున ఒక పెద్ద టెలిఫోను సంస్థ వ్యవస్థ కూలిపోగా, రెండువేలకు పైగా జనులకు మూడు సున్నల పిలుపు అందక పోయెను. 2022 ఫిబ్రవరి 28న లిస్మోర్ పట్టణమును విల్సన్స్ నది ముంచెత్తి, నీరు 14 మీటర్లు దాటినపుడు, సహాయపు ఫోనులు కిక్కిరిసిపోగా, ఇండ్లకప్పులపైకెక్కి అరచుచున్నవారి కేకలను పొరుగువారు విని, తమ చిన్నపడవలలో పోయి ఎందరినో దించుకొనివచ్చిరి. ఆ పిలుపు మా ఉద్యోగమునకు సంబంధించినది కాదని వారు ఊరకుండలేదు. వినువాని ధర్మము జీతమునకు కట్టుబడినది కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

వినువాని ధర్మమింత గొప్పదైనపుడు, పిలుచువానికిని ఒక ధర్మమున్నది. పారమట్టాలోని నా తెలుగుసోదరులకు నా మనవి యిది. మన తల్లిదండ్రులు కొన్ని నెలలు మనతో నుండుటకు స్వదేశమునుండి వచ్చుచున్నారు. మనము పనులకును పిల్లలు బడికిని పోయినపుడు వారు ఇంట ఒంటరిగా నుందురు. ఆపద వచ్చిన వారి వ్రేళ్లు అలవాటుగా 108 అంకెలనే వెదకును. వారు వచ్చిన మొదటి వారముననే ఈ మూడు సున్నలను నొక్కు విధము చూపుడు, నిజముగా పిలుపు పంపకుండ. ఇంటి చిరునామాను తెలుగు అక్షరములలో పెద్దగా వ్రాసి ఫోను చెంత గోడపై అంటించుడు. ఇంగ్లీషు రాకున్నను, అంబులెన్స్ అని ఒక మాట, తెలుగు అని ఒక మాట చెప్పి, ఫోను పెట్టివేయక నిలిచినచో దుబాసీని కలుపు ఏర్పాటున్నదని వారికి నమ్మకము కలిగింపుడు. ఇంట్లో ఒకరైనను రొమ్ము నొక్కి ప్రాణము నిలుపు విద్యను నేర్చుకొనుడు. ఎప్పుడైన ఆ కంఠము మీకు వినబడినచో, అడిగినదానికి అడిగినట్లు, ముందుగా చోటు, పిదప రోగము చెప్పుడు.