తానెక్కడిదో రాయి చెప్పదు

మనిషి కన్నుమూశాక అతని ఇంట్లో రెండు రకాల వస్తువులు మిగులుతాయి. కొన్నిటికి బజారులో వెల ఉంటుంది. వాటిని పంచుకోవడానికి వారసులు తొందరపడతారు. మరికొన్నిటి విలువ పోయిన మనిషికి మాత్రమే తెలుసు. వాటిని ఏం చేయాలో ఎవరికీ పాలుపోదు. ఈ రెండో రకం వస్తువుల పట్ల మన బాధ్యత ఏమిటి? కొన్ని పాత రాళ్ల పెట్టెల ముందు కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న మాకు ఎదురైంది.

కడపలో మాకు ఆప్తుడైన ఒక జియాలజీ అధ్యాపకుడు మరణించారు. ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన కుమారులు మమ్మల్ని పిలిపించారు. మేడమీద గదిలో ఏడు చెక్కపెట్టెల నిండా రాళ్లు. ముప్పై ఏళ్లపాటు సెలవు దొరికినప్పుడల్లా కొండలూ గుట్టలూ తిరిగి ఆయన ఏరి తెచ్చినవి. "చాచా! పాత సామాన్లవాడు కూడా వీటిని వద్దన్నాడు. కొత్త ఇంటి పునాదిలో వేసేద్దామా?" అని అడిగాడు పెద్దబ్బాయి. ఆ మాటలో అగౌరవం లేదు. తండ్రి ఇంతగా ప్రేమించినదాన్ని తాను అర్థం చేసుకోలేకపోయానన్న బాధే ఉంది.

ముందు ఎవరివో తేల్చాలి

పెట్టెలు తెరవగానే పదకొండు రాళ్ల మీద కాలేజీ నంబర్లు కనిపించాయి. పాఠం చెప్పడానికి తెచ్చి తిరిగి ఇవ్వడం మరచిపోయి ఉంటారు. వాటిలో మంగంపేట ముగ్గురాయి ఒకటి అందంగా ఉంది. జ్ఞాపకంగా ఉంచుకుంటామని పిల్లలు ముచ్చటపడ్డారు. కాని పంపకానికి ముందే మృతుని అప్పులు తీర్చాలన్న నియమం మనకు తెలిసిందే. ఇక ఇతరుల అమానత్ అసలు వారసత్వంలోకే రాదు. వెల తక్కువైనంత మాత్రాన పరాయి సొత్తు మన సొత్తు అవుతుందా? ఆ పదకొండూ కాలేజీకి తిరిగి వెళ్లాయి. మిగిలినవాటిలో అత్తవారింట ఉన్న కూతురికీ వాటా ఉంది గనుక, ఫోను చేసి ఆమె అభిప్రాయం కూడా అడిగాం.

ఒక సంచిలో తెల్లని పీచులాంటి రాయి ఉంది. అది పులివెందుల ప్రాంతపు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. దాని సన్నని పోగులు గాలితోపాటు లోపలికి వెళితే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ రావచ్చు. దాన్ని ఊదకుండా, విరవకుండా, తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూసి కట్టి, పైన హెచ్చరిక రాసి, పిల్లల చేతికి అందకుండా వేరుగా పెట్టాం. మనం వదిలించుకునే వస్తువు మరొకరికి హాని కాకుండా చూడటం కూడా మన బాధ్యతే.

రాయి చెప్పేది, చెప్పలేనిది

ప్రతి రాయి మీదా ఆయన తెల్లరంగు చుక్క పెట్టి నంబరు వేశారు. ఆ నంబరుకు ఎదురుగా ఒక నోటుపుస్తకంలో రాయి పేరు, దొరికిన ఊరు, తేదీ రాసుకున్నారు. కాని పుస్తకంలో మొదటి పుటలను చెదలు తినేశాయి. సగం రాళ్లకు నంబరు మిగిలింది, వివరం పోయింది.

రాయి ఏ జాతిదో చాలావరకు తానే చెబుతుంది. పలుగురాయి గాజును గీస్తుంది. పలుచని ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి నురగలు కక్కుతుంది. ముగ్గురాయి నీటికంటే దాదాపు 4.5 రెట్లు బరువు. అంతే పరిమాణం ఉన్న పలుగురాయి 2.65 రెట్లే. చేతిలోకి తీసుకోగానే ఆ తేడా తెలిసిపోతుంది. కాని తాను ఏ కొండది, ఏ వాగులో దొరికింది, ఎవరు తీశారు అన్నది ఏ రాయీ చెప్పదు. దానికి మనిషి సాక్ష్యం కావాలి. ఆ సాక్షి కన్నుమూశాడు. ఆయన రాసిన సాక్ష్యాన్ని చెదలు తినేశాయి.

ఒక అబద్ధపు ఊరు

వివరాలు ఉంటే మొత్తం సేకరణను తీసుకుంటామని ఒక కళాశాల వారు చెప్పారు. చిన్నబ్బాయి ఆశగా అన్నాడు: "చాచా, మిగతావాటికి మీకు తోచిన ఊరు రాసేయండి. ఈ నల్లరాయికి వజ్రకరూరు అని రాస్తే అబ్బాజాన్‌కు ఎంత గౌరవం! ఎవరు వెళ్లి చూడొచ్చారు?"

తప్పంతా ఆ కుర్రవాడి మీదే వేయలేం. అంతకుముందే మేమూ ఒక చీటీ రాసి ఉన్నాం. పొరలు పొరలుగా గుమ్మటంలా ఉన్న ఒక రాయిని చూసి 'వేంపల్లె' అని రాసేశాం. 180 కోట్ల ఏళ్లకు పైబడిన ఇలాంటి రాళ్లు అక్కడ ప్రసిద్ధం. సముద్రపు అంచున సూక్ష్మజీవులు పేర్చిన పొరలవి. మరుసటి రోజు అచ్చం అలాంటి రాయే మరొకటి బయటపడింది. దాని నంబరు పుస్తకంలో మిగిలే ఉంది. ఎదురుగా 'తాడిపత్రి దగ్గర' అని ఉంది. మేము ఊహను సాక్ష్యంగా రాశామన్నమాట! సిగ్గుపడి ఆ చీటీ చించేశాం.

ఇది చిన్న విషయం అనుకోకండి. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఒక మోసాన్ని బయటపెట్టారు. ఎక్కడెక్కడి దేశాలవో అయిన శిలాజాలను హిమాలయాల్లో దొరికాయని మన దేశపు ప్రొఫెసర్ ఒకరు ఏళ్ల తరబడి వ్యాసాలు రాశారని ఆయన చూపించారు. ఆ శిలాజాలు నకిలీవి కావు, ఊరి పేర్లే అబద్ధం. ఆ ఊళ్లను నమ్మి హిమాలయాల చరిత్ర రాసుకున్నవారి శ్రమ అనుమానాల పాలైంది. సహరచయితల పేర్లకూ మచ్చ అంటింది.

తండ్రి గౌరవం కోసమే కదా అన్నాడు చిన్నబ్బాయి. కాని ముప్పై ఏళ్లు చూసినదే రాసిన మనిషి పుస్తకంలో ఒక్క అబద్ధం చేరితే, ఆయన నిజంగా రాసిన పుటలను కూడా ఎవరు నమ్ముతారు? మనం గౌరవం పెంచామనుకుంటాం. ఆయన జీవితాంతం కాపాడుకున్న నమ్మకాన్ని పోగొడతాం.

చివరకు పుట మిగిలిన రాళ్లకు ఆయన మాటలనే అక్షరం మార్చకుండా ఎత్తి రాశాం. మిగతావాటికి 'స్థలం తెలియదు' అని రాశాం. కళాశాల వారు వాటినీ తీసుకున్నారు. రాయి జాతిని గుర్తుపట్టడం విద్యార్థులకు నేర్పడానికి ఊరి పేరు అవసరం లేదట! తెలియదని ఒప్పుకున్న రాయికి కూడా చోటు దొరికింది.

సోదరులారా! సోదరీమణులారా! మన ఇళ్లలోనూ ఇలాంటి పెట్టెలు లేవా? ఎవరివో తెలియని ఫొటోలు, ఎవరు దాచమని ఇచ్చారో గుర్తులేని నగలు, నోటిమాట మీద ఇచ్చిన, తెచ్చిన అప్పులు... వాటి సంగతి మనకొక్కరికే తెలుసు. అవి తమంతట తాము నోరు విప్పవు. మనం పోయాక మన పిల్లలు ఊహించి రాస్తారు, లేదా పునాదిలో వేస్తారు. చెదలు పట్టకముందే ఈ రాత్రి ఒక కాగితం తీసి, తెలిసినంత నిజం రాసి పెడదాం. తెలియని చోట తెలియదని రాద్దాం. అది కూడా సాక్ష్యమే.