మ్రింగినది అరుగునా?

మూలవాక్యములు: సామెతలు 12:10, 20:17



కోడిని గూర్చి ప్రసంగమేమిటని మీలో కొందరు నవ్వవచ్చును. అయితే మన ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు, పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొను కోడితోనే తన్ను పోల్చుకొనెను (మత్తయి 23:37). ఆయన సిగ్గుపడని పోలికకు మనమెందుకు సిగ్గుపడవలెను?

గత వేసవిలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట, మన జువ్వలదిన్నెలో ఒక విధవరాలు మందిరపు వాకిట నిలిచి, “అయ్యగారూ, మా కోడి నాలుగు దినాల నుంచి మేత ముట్టలేదు. దానికోసం ప్రార్థన చేస్తారా?” అని యడిగినది. నాకు లోలోపల నవ్వు వచ్చినమాట నిజమే. కాని వెంటనే నాతాను దావీదుతో చెప్పిన ఆ పేదవాని గొఱ్ఱెపిల్ల జ్ఞాపకమునకు వచ్చెను (2 సమూయేలు 12). ఆ తల్లికి ఈ కోడి అట్టిదే. దాని గ్రుడ్లతో ఇంటికి ఉప్పు పప్పు, దాని పిల్లలను అమ్మిన డబ్బుతో మనుమనికి పుస్తకములు.

మరునాడు తెల్లవారుజామున వెళ్లి చూచితిని. కోడి గంప క్రింద ఈకలు ఉబ్బించుకొని, కన్నులు సగము మూసికొని యున్నది. మెడ క్రింద రొమ్ము మీదనుండు మేతసంచిని తడిమితిని. రాత్రి నిండిన సంచి తెల్లవారువరకు ఖాళీ కావలెను. ఇది రాయివలె గట్టిగా నుండెను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. అంతకు ముందటి సంవత్సరము మా యింటి కోడికి ఇట్లే అయినప్పుడు, నేను తెలిసినవానివలె దాని ముక్కు తెరచి ఆముదము పోసితిని. కోడికి ఊపిరిగొట్టపు రంధ్రము నాలుక వెనుకనే యుండును. ఆముదము దానిలోనికి పోయి ఆ కోడి నా చేతులలోనే చచ్చినది. జాలి యున్నంత మాత్రమున చాలదు, తెలివి కూడ కావలెనని ఆ దినమున నేర్చుకొంటిని. అందుచేత ఈసారి, “అమ్మా, పశువుల ఆసుపత్రికి తీసికొని పోదము” అంటిని.

ఆమె కదలలేదు. “అయ్యా, కోళ్ల బేరగాడు వీధిలో ఉన్నాడు. 400 రూపాయలు ఇస్తానంటున్నాడు. జబ్బు సంగతి అతనికి తెలియదు. ఇచ్చేసేదా?” అని యడిగినది.

ప్రియులారా, నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఆమె బీదరికము నాకు తెలియును. “ఇచ్చేయమ్మా” అను మాట నా నాలుక చివరి వరకు వచ్చినది. ఆమె నా ముఖము వైపు కొంతసేపు చూచి, తానే, “వద్దులే అయ్యా. ఇంకొక ఇంట్లో బిడ్డలు తింటారు గదా” అని చెప్పి, కోడిని కొంగులో చుట్టుకొని బయలుదేరినది. ఆ ఉదయమున ప్రసంగము చేసినది ఆమె, విన్నవాడను నేను.

పశువైద్యుడు మత్తుమందు ఇచ్చి, మేతసంచిపై చిన్న గాటు పెట్టి, లోపలినుండి ఒక ఉండను తీసెను. ఎండుగడ్డిలో చిక్కుపడిన నైలాను వలదారము! ఒడ్డున వలలు బాగుచేయునప్పుడు కత్తిరించిన దారపు ముక్కలు ఇసుకలో పడును. కోడి వాటిని పురుగులనుకొని మ్రింగును. మన తాతల నూలువలల దారమైతే మట్టిలో కుళ్లిపోయెడిది. నైలాను కుళ్లదు. కోడికి పండ్లు లేవు గనుక అది చిన్న గులకరాళ్లను మ్రింగును. కందనకాయలో ఆ రాళ్లే మేతను నలుగగొట్టును. కాని ఆ రాళ్లు కూడ నైలానును నలుపలేవు.

ఆ కోడి పది దినములు గంప క్రింద మెత్తని జావ తిని బ్రదికినది. ఒకవేళ చచ్చినను ఆ తల్లి చేసినది సరియైన పనియే.

మోసముచేత వచ్చిన ఆహారము మొదట తియ్యగా నుండి, తరువాత నోటినిండ మంటిరాళ్లగునని జ్ఞాని చెప్పుచున్నాడు. దుష్టుడు మ్రింగిన ధనమును మరల కక్కవలసి వచ్చునని యోబు గ్రంథము చెప్పుచున్నది (యోబు 20:15). ఆ 400 రూపాయలు ఆమెకు నైలాను దారమయి యుండెడివి. మ్రింగుట సులభమే, అరుగుట లేదు. నిన్నటి చేపను ఐసులో పెట్టి నేటి చేపయని అమ్ముట, తెల్లమచ్చ తెగులు తగిలిన రొయ్యల చెరువు నీటిని ప్రక్కవానికి చెప్పక కాలువలోనికి వదలుట, కూలివాని కూలిలో పది రూపాయలు తగ్గించుట, ఇవి మన మధ్య లేవా? నీ మనస్సాక్షిని తెల్లవారుజామున తడిమి చూచుకొనుము. రాత్రి మ్రింగినది అరిగినదా? అది యింకను గట్టిగా నున్నదా?

తల్లులారా, ఒక మాట. జబ్బుకోడిని వెంటనే వేరుగా ఉంచుడి. బలవంతముగా నోట ఏమియు పోయకుడి, తలక్రిందులుగా పట్టి కక్కింపకుడి. ఆకుపచ్చని తెల్లని రెట్ట, రొప్పు, మెడ తిరుగుట కనబడినయెడల అది కొక్కెర తెగులు కావచ్చును. వచ్చిన తరువాత దానికి మందులేదు, ముందే టీకా వేయించవలెను. అనేకమైన కోళ్లు ఒకేసారి చచ్చినయెడల దాచక పశువైద్యునికి తెలుపుడి. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే చాటగొట్లలోను గుమ్మళ్లదిబ్బలోను బర్డ్ ఫ్లూ కనబడినది గదా. దాచిన తెగులు ఇరుగుపొరుగును చంపును. యౌవనస్థులారా, వల బాగుచేసిన చోట దారపు ముక్కలను ఏరి వేయుడి. అదియు దేవుని సేవయే.

ప్రార్థింతము: పిచ్చుకలను మరువని తండ్రీ, మాకు అప్పగించిన మూగజీవుల యెడల దయను, ఆ దయకు తగిన తెలివిని మాకిమ్ము. మా నోట అన్యాయపు ముద్ద నున్నయెడల దానిని మ్రింగకమునుపే ఉమ్మివేయు ధైర్యమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.