ఒక్క బిడ్డ తల్లులు – శరణ సఖ్యము

శ్రీ గురు బసవలింగాయ నమః



"ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అను సామెత మన పల్లెలలో తరతరములుగా వినబడుచున్నది. భారతకథలో శంతను మహారాజు దేవవ్రతుని ఎదుట ఇట్టి భావమునే వెల్లడించెనని పురాణ శ్రవణము చేసినవారందరు ఎరుగుదురు. ఏనాడో రాజ్యము కొరకు, వంశము కొరకు పుట్టిన ఆ మాట నేటికిని ఒక్క బిడ్డను కన్న తల్లి చెవిలో ముల్లువలె గుచ్చుకొనుచున్నది. పెండ్లి పందిటిలో, కొళాయి వద్ద, తుదకు మఠములో ప్రసాదపు పంక్తియందు కూర్చున్నప్పుడు కూడ "ఒక్కటేనా? ఇంకొకరిని కనలేదేమి?" అని అడుగువారుందురు. అడిగినవారు మరుక్షణమే ఆ మాట మరచిపోదురు. విన్న తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఆమెకు ఒక్క బిడ్డయే ఏల కలిగెనో మనకేమి తెలియును? కొందరు దంపతులు తమ సంపాదనను, శక్తిని చూచుకొని అంతటితో చాలుననుకొందురు. కొందరికి శరీరారోగ్యము సహకరింపదు. కొందరు రెండవ కాన్పులో బిడ్డను పోగొట్టుకొని ఆ సంగతి ఎవరితోను చెప్పుకొనలేక యుందురు. కొందరు చిన్నతనముననే భర్తను కోల్పోయినవారు. కారణము ఆమెకును, ఆమె అరచేతిలోని ఇష్టలింగమునకును తెలిసిన చాలును. దానిని తవ్వి చూచు అధికారము మనకు లేదు.

ఒకప్పుడు ఊరికి ఒకరిద్దరుగా నున్న ఇట్టి తల్లులు నేడు ప్రతి వీధిలోను కనబడుచున్నారు. మన దేశములో ఒక స్త్రీ తన జీవితకాలమున కనెడి పిల్లల సగటు 1992–93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 3.4గా నుండెను. 2019–21 నాటి అయిదవ సర్వేలో అది 2.0కు దిగినది. అదే సర్వేలో తెలంగాణమున 1.8, ఆంధ్రప్రదేశమున 1.7గా తేలినది. ఈ అంకెల వెనుక ఇండ్లున్నవి; ఆ ఇండ్లలో ఒక చిన్న మంచము, ఒకే బడిసంచి, ఒకే పళ్లెము చుట్టు తిరుగు తల్లిదండ్రులున్నారు.

ఈ మార్పు బంధుత్వములను కూడ మార్చివేయును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు లేని కుమారుడు రేపు తండ్రి యైనచో, అతని బిడ్డలకు తండ్రి వైపున పెదనాన్న, చిన్నాన్న, మేనత్త యుండరు. ఒంటి ఆడుబిడ్డ సంతానమునకు పెద్దమ్మ, పిన్ని, మేనమామ యుండరు. పెండ్లిలో మేనమామ నిలువవలసిన చోట ఎవరు నిలుతురు? తల్లికి జబ్బు చేసిన రాత్రి ఆ ఒక్క బిడ్డ దూరదేశమున నున్నచో తలుపు తట్టువారెవరు? ఈ ప్రశ్నకు మన శరణ ధర్మము ఏనాడో సమాధానము చూపినది. రక్తబంధము లేనిచోట భక్తిబంధమును కల్పించుటయే ఆ సమాధానము.

పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పియున్నాడు. లోకమున అందరికి తల్లులున్నారు గాని శివునకు తల్లి లేదే యని ఆ భక్తురాలు పరితపించెను. తల్లి యున్నచో విషము త్రాగనిచ్చెడిదా, పాములను మెడలో వేసికొననిచ్చెడిదా యని ఆమె చింత. అంతట తానే శివునకు తల్లియై, ఆయనను పసిబిడ్డగా భావించి, నీళ్లు పోసి, పాలు పట్టి పెంచెను. ఆమె ప్రేమను పరీక్షింప శివుడు జబ్బు చేసిన బిడ్డవలె నటించగా, ఆ తల్లి తల్లడిల్లి తన ప్రాణమునే విడువ సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమై ఆమెను అనుగ్రహించెను. ఆమెకు అమ్మవ్వ యను పేరు నిలిచినది. ఈ కథలో మనము గ్రహింపవలసినది యేమి? మాతృత్వము కడుపుతో ముగియునది కాదు. తల్లి లేని శివునికే తల్లి కాగలిగినపుడు, పక్కయింటి బిడ్డకు పెద్దమ్మ కాలేమా? తోబుట్టువు లేని పిల్లవానికి మన బిడ్డను తోబుట్టువుగా ఈయలేమా?

బసవేశ్వరుని ఇల్లే మనకు మరియొక దృష్టాంతము. 12వ శతాబ్దిలో కల్యాణ పట్టణమునందలి ఆ మహామనెలో ఆయన ధర్మపత్నులు గంగాంబిక, నీలాంబికలును, అక్క నాగమ్మయు జంగమ దాసోహము నడిపిరి. నాగమ్మ కుమారుడే చెన్నబసవణ్ణ. ఆ బాలుడు ఒక్క తల్లి ఒడిలో గాక శరణులందరి ఒడిలో పెరిగెను. అల్లమప్రభువు తరువాత శూన్యసింహాసనము నధిష్ఠించి, షట్‌స్థల సిద్ధాంతమును క్రమబద్ధముగా వివరించిన జ్ఞాని యయ్యెను. ఒక ఇంటి బిడ్డను పలువురు పెంచినపుడు ఆ బిడ్డ పలువురికి వెలుగగును.

తల్లులారా! నాలుగు ఇండ్లున్న ఒక వీధిని తలచుకొందము. ప్రతి ఇంటను ఒక్క బిడ్డయే. ఒకామె బడిపంతులమ్మ, ఒకామె ఇంటిలోనే బట్టలు కుట్టును, ఒకామె బ్యాంకు ఉద్యోగిని, ఒకామె చిల్లర దుకాణము నడుపును. ఒకామెకు బస్సు ఆలస్యమైనచో వేరొకామె ఆ బిడ్డను బడినుండి తెచ్చి, చేతులు కాళ్లు కడిగి, తన బిడ్డతో పాటు కూర్చుండబెట్టి అన్నము పెట్టును. ఒకరి బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి వేరొకరు తోడు కూర్చుందురు. సోమవారము సాయంకాలము నలుగురును ఒక చోట చేరి పిల్లలతో పంచాక్షరి పలికింతురు. ఇంతకన్న దాసోహము వేరే కలదా? వెలకట్టని సేవయే దాసోహమైనచో, పొరుగింటి బిడ్డకు పెట్టిన ముద్దయు దాసోహమే.

అయితే ఈ స్నేహము నిలుచుట తేలిక కాదు. ఇద్దరు పిల్లలు ఆటలో కొట్టుకొందురు. ఎవరి బిడ్డ వారికి ఒక్కటే. కనుక ఎవరి బిడ్డ కన్నీరు వారికి పెద్దది. పరీక్షలలో ఒకరికి మార్కులు పెరుగును, ఒకరికి తరుగును. పదేండ్ల స్నేహము పది నిమిషములలో తెగిపోవును. పిల్లలు మరునాడే కలిసి ఆడుకొందురు గాని తల్లులు ఏండ్ల తరబడి మాటలాడుకొనరు. అందుచేత స్నేహమునకు కూడ ఆచారము కావలెను. మనకు పంచాచారములున్నవి. వానినే ఈ స్నేహమునకు కంచెగా కట్టుకొందము.

మొదటిది లింగాచారము. ఇష్టలింగమును తప్ప అన్యమును పూజింపకుండుట దీని అర్థము. ఒక్క బిడ్డ తల్లికి కలుగు మొదటి అపాయము బిడ్డనే దైవముగా చేసికొనుట. బిడ్డ నవ్విన పండుగ, బిడ్డ అలిగిన గ్రహణము! ఇద్దరి ఆశలు, ఇద్దరి భయములు, తాతల కోరికలు అన్నియు ఆ చిన్ని భుజముల మీద పడును. పూజింపబడు బిడ్డ సుఖపడునని తలపవలదు. తప్పు చేయుటకు కూడ స్వేచ్ఛ లేని బిడ్డ యది. బిడ్డ లింగదేవుడు మన చేతికిచ్చిన నిక్షేపము. కాపాడవలెను, పెంచవలెను, సమయము వచ్చినపుడు చేయి వదలవలెను. "అక్కా, పిల్లను కొంచెము ఊపిరి పీల్చుకొననీయవమ్మా" అని చెప్పగల స్నేహితురాలు ఆ తల్లికి గురువుతో సమానము.

రెండవది సదాచారము. ధర్మమైన కాయకముతో జీవించుట. శరణి ఆయ్దక్కి లక్కమ్మ కథ మీరెరుగుదురు. రాలిన బియ్యమును ఏరితెచ్చు కాయకము చేయు భర్త మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు, ఆ ఎక్కువ మనకు వలదు, మరల అక్కడనే వేసి రమ్మని ఆమె పంపెను. "ఉన్నది ఒక్కటే కదా, దానికి కాక ఎవరికి?" అని అవసరమునకు మించి కొనిపెట్టు తల్లిదండ్రులు లక్కమ్మను తలచుకొనవలెను. పంచుకొనుట నేర్పుటకు ఇంటిలో తోబుట్టువు లేడు గనుక, వీధిలోని స్నేహమే ఆ పాఠము నేర్పవలెను. ఒక మామిడిపండును నాలుగు ముక్కలు చేయుట ఆ బిడ్డకు గొప్ప విద్య.

మూడవది శివాచారము. లింగధారులందరిని సమానముగా చూచుట. ఇచట ఒంటి ఆడుబిడ్డను కన్న తల్లి సంగతి చెప్పవలెను. "కొడుకు లేడే, కడపట కార్యము ఎవరు చేయుదురు?" అని ఆమెను జాలిపడువారున్నారు. ఆ జాలి మన ధర్మమునకు విరుద్ధము. మనలో స్త్రీకిని పురుషునకును లింగధారణ ఒక్కటే. దేహము విడిచిన భక్తుడు లింగైక్యుడగును. అతనిని సమాధి చేయుదుము. పిండముల కొరకు ఎదురుచూచు ప్రేతత్వము శరణునకు లేదు. అట్టిచో కొడుకు లేని కొరత ఎక్కడిది? కుమార్తె అరచేతిలోని లింగము తక్కువ వెలుగునా? అదే విధముగా ధనము, మార్కులు, శరీరవర్ణము చూచి పిల్లలను ఎక్కువ తక్కువలు చేయుట కూడ శివాచారమునకు భంగమే.

నాలుగవది భృత్యాచారము. శరణులకు తాను సేవకుడనను వినయము. పిల్లల తగవు వచ్చినపుడు ఇది పనికివచ్చును. "మా వాడు అట్టివాడు కాడు" అను మాట నోటికి వచ్చుటకు ముందే "మా వాని వలన ఏమి జరిగినది, వదినా?" అని అడుగగలిగినచో సగము తగవు అచటనే చల్లారును. తన బిడ్డ తప్పును ముందు తాను చెప్పిన తల్లి ఓడిపోదు. ఆ బిడ్డకు సత్యమును, ఎదుటి తల్లికి నమ్మకమును ఒక్క మాటతో ఇచ్చినదగును.

అయిదవది గణాచారము. శివనిందను, శరణనిందను సహింపక నిలుచుట. స్నేహితురాలు లేనిచోట ఆమెను గూర్చి "గొడ్రాలికి రవ్వంత మేలు" వంటి మాటలు పుట్టినపుడు తల వంచుకొని వినుట గణాచారము కాదు. కేకలు వేయనక్కరలేదు, "ఆమె నా అక్క, ఆ మాట నా యెదుట వలదు" అని మృదువుగా చెప్పి లేచిన చాలును.

బంధువులారా! ఈ అయిదింటికిని అసలు పరీక్ష ఒకటి కలదు. చెప్పుటకే గుండె బరువగుచున్నది. ఉన్న ఒక్క బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మన మధ్య ఉన్నపుడు ఆమె స్నేహితురాండ్రు ఏమి చేయుదురు? తరచుగా జరుగునది యిది: మొదటి నెల అందరు వత్తురు. పిదప ఆమె యెదుట తమ బిడ్డల మాట యెత్తుటకు జంకుదురు. ఆ జంకు వలన రాకపోకలు తగ్గును. నామకరణమునకు, లింగధారణకు ఆమెను పిలుచుటకు సందేహింతురు. కొందరు శుభమునకు ఆమె రాక మంచిది కాదని గుసగుసలాడుదురు. బిడ్డ పోయిన నాడు ఆమె ఒక్కసారి దుఃఖపడినది. మనము తప్పుకొన్న ప్రతి దినమును ఆమెకు మరల ఆ దినమే యగును.

మన శరణులు పంచసూతకములను నిరాకరించిరి. జన్మసూతకము లేదు, మరణసూతకము లేదు. లింగము ధరించిన దేహమునకు అశుభము అంటదు. ఈ సిద్ధాంతము గ్రంథములలో నుండుటకు కాదు. ఆ తల్లిని చేయిపట్టి పీఠము మీద కూర్చుండబెట్టుటకు. మీ ఇంట లింగధారణ జరుగునాడు ముందుగా ఆమె ఇంటికే వెళ్లి పిలువుడు. బిడ్డను ఆమె ఒడిలో పెట్టుడు. పోయిన బిడ్డ పేరు చెప్పుటకు వెరవవలదు; ఆ పేరు వినుటకు ఆమె చెవులు ఎంతగా ఎదురుచూచుచున్నవో! ఆమె ఏడ్చినచో ఏడ్వనిండు. కన్నీరు కూడ అభిషేకమే. బెజ్జమహాదేవి కడుపున కనకయే అమ్మవ్వ యైనది. కని పోగొట్టుకొన్న ఈ తల్లిని అమ్మవ్వగా నిలుపుట మన చేతిలో నున్నది.

మఠములలోని పూజ్యులకు ఒక విన్నపము. మాసమునకు ఒక సాయంకాలము ఇట్టి తల్లులు పిల్లలతో వచ్చి కూర్చుండుటకు మఠమున చోటు కల్పించుడు. ఉపన్యాసము కూడ అక్కరలేదు. ప్రసాదము, పంచాక్షరి, కొంత నింపాదియైన మాట చాలును. అచట పెరిగిన పిల్లలు రేపు ఒకరి పెండ్లిలో ఒకరు మేనమామలుగా, మేనత్తలుగా నిలుతురు. బిడ్డ దూరముననున్న వృద్ధురాలి తలుపును రాత్రివేళ తట్టువారు కూడ వారే యగుదురు.

ఇష్టలింగము ఒక్కటే. ఒక్కటే యని ఏ భక్తుడైనను చింతించెనా? దానిలోనే సర్వమును చూచెను గదా! ఒక్క బిడ్డ గల తల్లియు కొరత గలది కాదు. ఆమె బిడ్డకు మన బిడ్డలు తోబుట్టువులు; ఆమెకు మనము తోబుట్టువులము. ఈ వారము మీ వీధిలో మాటలు తెగియున్న ఒక తలుపు ఉన్నచో, విభూతి ధరించి, ఇంత ప్రసాదము చేతబట్టుకొని ఆ తలుపు తట్టుడు.