చోటు చాలనప్పుడు

పఠన భాగములు: ఆదికాండము 13:5-13, 26:12-22



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. అది జరిగిన కొన్ని వారములకు ఉద్దానములోని యొక పల్లెలో ఆరాధన ముగించుకొని బయటికి వచ్చుచుండగా ఒక వృద్ధురాలు మమ్మును ఆపెను. వీధి పొడవునను తాళములు పడియున్న యిండ్లను చేతితో చూపి, "అయ్యగారూ, హైదరాబాదులో నిలబడ్డానికి చోటు లేదంట. ఇక్కడ గుడిలో కూర్చోడానికి మనుషులు లేరు. దేవుడు ఒకచోట జనాన్ని కుప్ప పోసి, ఇంకోచోట ఊడ్చేస్తాడా? మా ఊరికేదైనా శాపం తగిలిందా?" అని అడిగెను. ఆ దినమున మేము తొందరలో చెప్పిన జవాబు ఆమెకు చాలలేదు. నిజము చెప్పవలెనంటే మాకును చాలలేదు. గనుక నేడు ఆ ప్రశ్నను మీతో కలిసి మరల ఆలోచింపగోరుచున్నాము.

దేవుడు ఆదియందు నరులను దీవించి భూమిని నిండించుమనెను గాని, నారుమడిలో విత్తనములు చల్లినట్లు అంతటను సమముగా నుండుమని సెలవియ్యలేదు. 2022 నవంబరులో లోకజనాభా 800 కోట్లకు చేరెను. వారిలో పదింట తొమ్మిది వంతులు భూమధ్యరేఖకు ఉత్తరముననే యున్నారు. మోషే పుట్టిన ఐగుప్తును చూడుడి. నూటికి సుమారు 95 మంది నైలు నది చెంతను, దేశపు నేలలో నూటికి అయిదు వంతులైనను మించని చోట కాపురముండగా తక్కినదంతయు ఎడారి. మన దేశములో 2011 జనాభా లెక్కలనాటికి బీహారులో చదరపు కిలోమీటరునకు 1,106 మంది, అరుణాచల ప్రదేశ్‌లో 17 మంది యుండిరి. దేవునికి బీహారుపై ప్రీతియు అరుణాచలముపై కోపమును గలవని యెవరైన అందురా? ఒకచోట గంగానది తెచ్చిన ఒండ్రుమట్టి, రెండవచోట నిట్టనిలువు కొండలు, అడవి.

అంత దూరము పోనేల? మన పడమటనున్న మహేంద్రగిరిని చూడుడి. పోడు వ్యవసాయమునకు విస్తారమైన కొండ కావలెను, ఒకసారి పండించిన చోటును కొన్నేండ్లు విడిచిపెట్టవలెను. కావున అక్కడ సవర గూడెములు దూరదూరముగా నుండును. క్రిందికి దిగి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములకు రండు. పైన ఇసుక, కొద్ది లోతున నీరు. కొబ్బరి, పనస, జీడిమామిడి నిలిచినవి. ఉద్యానమనుమాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. చెట్టునీడను పల్లె, పల్లె ప్రక్కను పల్లె వెలసెను. 2011లో అప్పటి మన జిల్లా లెక్క యెంతయనుకొన్నారు? చదరపు కిలోమీటరునకు 463 మంది. దేశపు సగటు 382.

ఈ అంకెయొద్ద మేము చాలసేపు ఆగితిమి. ఖాళీయగుచున్నదని మనము దుఃఖించు ఈ నేల, దేశపు సగటుకంటె ఒత్తుగా నిండియున్న నేల! మన వీధులలో తాళములు పడుట జనము తక్కువై కాదు. ఉన్న జనమునకు పని చాలకపోయినందున. అవే లెక్కలలో జిల్లాయందు వేయిమంది పురుషులకు 1,015 మంది స్త్రీలుండిరి. మగవారు పనికై దేశముమీద పడుట దానికొక కారణము.

ఇప్పుడు అబ్రాము, లోతుల యొద్దకు వచ్చెదము. వారి గొఱ్ఱెలును గొడ్లును విస్తరించినందున ఉన్న చోటు ఇద్దరికిని సరిపోలేదు. కాపరులు జగడమాడిరి. అక్కడ ఎవరి శాపమును లేదు. మేతయు నీరును చాలలేదు, అంతే. లోతు కన్నులెత్తి నీళ్లు పారు యొర్దాను మైదానమును కోరుకొనెను. ప్రసంగీకులమైన మేము లోతును తిట్టుటకు త్వరపడుదుము. అతడు పెద్దవానికి ముందు కోరుకొనుమనలేదు, సొదొమ పొరుగును సరకుచేయలేదు, ఆ తప్పు తప్పే. కాని నీరున్న చోటు చూచి గుడారము వేయుటయే పాపమైనచో పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు నున్న మనమందరమును ఆ పాపము చేసిన తాతల మనుమలమే.

ఆ తాతలు సముద్రమును కూడ దాటిరి. వారి నోట 'రంగం' అనబడినది రంగూను పట్టణమే. 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను పట్టుకొన్న తరువాత ఐరావతీ నది డెల్టాలో కొత్తగా వరిభూములు సాగులోనికి వచ్చెను. కోతకు, మరలకు, ఓడరేవునకు చేతులు చాలలేదు. ఇక్కడ టెక్కలి, సోంపేటలు అప్పటి గంజాము జిల్లాలోనివి. 1866 కరవు ఆ జిల్లాను పీడించెను. చేతులెక్కువైన చోటునుండి చేతులు చాలని చోటికి జనము పోయిరి. 1931 నాటికి బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండిరి. రంగూనులో సగముకంటె ఎక్కువమంది మనవారే. అయితే పోయిన చోట చోటు దొరికినదని నమ్ముటకు వీలులేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలమీద దాడులు జరిగెను. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా లక్షలమంది అరకాను, అస్సాము దారులలో కాలినడకను బయలుదేరిరి. దారిలో పడిపోయినవారు వేలకొలది. 1964లో అక్కడి ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసినప్పుడు మిగిలినవారిలో అనేకులు తిరిగి వచ్చిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ కథ చెప్పుచున్నది. కరవునందు బేత్లెహేము విడిచి మోయాబునకు పోయిన నయోమి వట్టిచేతులతో మరలివచ్చిన సంగతి మన యిండ్లలో చదివి తెలిసికొననక్కరలేదు.

శాపమనుమాట మాత్రము మిగిలినది. మూత్రపిండముల వ్యాధి ఉద్దానములో ఇంటింట మనిషిని తీసికొని పోవుచుండుటవలన ఆ మాట పుట్టినది. ఈ పల్లెలతో సంబంధము కలుపుకొనుటకు వెనుదీయువారు కూడ కలరు. ఎన్నో యేండ్లుగా వైద్యులు పరిశోధించుచున్నను దాని మూలకారణమింకను నిశ్చయము కాలేదు. కారణము తెలియనిచోట శాపమనుట సులభము. సిలోయములోని గోపురము కూలి చనిపోయిన 18 మంది తక్కినవారికంటె పాపులా యని ప్రభువే అడిగి, కారని తానే చెప్పెను (లూకా 13:4-5). ఆయన చెప్పిన మీదట మనమెవరము?

ఇస్సాకు సంగతి మనకు మరింత దగ్గరది. గెరారు లోయలో అతని తండ్రి త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిరి. అతడు వాటిని తిరిగి త్రవ్వించెను. కొత్తగా ఒకటి త్రవ్వగా తగవు వచ్చెను. రెండవది త్రవ్వగా మరల తగవు. మూడవ బావియొద్ద జగడము లేకపోయినందున దానికి రహెబోతు అని పేరు పెట్టెను. ఎడము దొరికినదని దాని భావము. లోయ పెరుగలేదు, మనుష్యులు తగ్గలేదు. నీరు పెరిగినది, ఎడము కలిగినది. 2023 డిసెంబరు 14న హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఉద్దానము పల్లెలకు తెచ్చు పథకము ప్రారంభమయ్యెను. ఆ దినముననే పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండ పరిశోధన కేంద్రమును తెరువబడెను. మన కాలపు బావులివి. ఇంకను త్రవ్వవలసినవి కలవు: ఇక్కడి జీడిపిక్కలకును కొబ్బరికిని ఇక్కడనే మంచి ధర, పడవలకు రేవు. మన జిల్లా మత్స్యకారులు ఎదుటనే సముద్రముండగా గుజరాతులోని వేరావలుకు పోయి, 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరి వరకు చెరలోనుండుట మనమెరుగుదుము.

మొన్న ఆ పల్లెకు మరల పోయినప్పుడు ఆ వృద్ధురాలిని కలిసికొని, నాటి ప్రశ్నకు ఈ జవాబంతయు చెప్పితిమి. ఆమె ఓపికతో విని, మమ్మును పెరటిలోనికి తీసికొనిపోయెను. తుపానులో కూలిన చెట్ల చోట ఆమె నాటిన మొక్కలలో రెండు ఈ యేడు గెలలు వేసినవి. కాయలు దింపుటకు మనిషి దొరకలేదట. కొడుకు క్రిస్మసుకు వచ్చి దింపునని, అంతవరకు అవి చెట్టునే యుండనిమ్మని చెప్పెను.