నేల అందని బండి

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 సీటు నేల నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. బండి బరువు దాదాపు 200 కిలోలు. ఈ మూడు అంకెలూ కలిస్తే, బండి ఆపినప్పుడు నా మునివేళ్ళు నేలకి తగులుతాయి, మడమలు గాల్లో ఉంటాయి. చదునైన రోడ్డు మీద ఇదేమంత కష్టం కాదు. కానీ నేను రోజూ వెళ్ళేది గడ్డపోతారం. లారీలూ ట్యాంకర్లూ తిరిగి తిరిగి కుంగిపోయిన రోడ్డంచున ఆగాల్సి వస్తే, నేల ఇంకో రెండంగుళాలు కిందికి జరిగిపోతుంది. వెనక సాల్వెంట్ ట్యాంకర్ హారన్ కొడుతుంటుంది. ఆ క్షణంలో తాత్విక ప్రశ్నలేవీ తోచవు. ఇంటికొచ్చి హెల్మెట్ తీశాక తోస్తాయి. సర్దుకోవాల్సింది నేనా, బండా?

దీనికి అందరి దగ్గరా ఒక జవాబు రెడీగా ఉంది: నీకు సరిపోయే బండి కొనుక్కోవచ్చు కదా. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్లే, యాక్టివా ఇంకా తక్కువ. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు ఊరికే అన్నారా? అది డబ్బు గురించి చెప్పిన సామెత అని నాకూ తెలుసు. కానీ అందులో మంచం కొలత ముందే ఖాయమైపోయి, కాళ్ళే మాట వినాల్సి రావడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. ఎందుకంటే ఆ సామెత పుట్టిన ఊళ్ళలో మంచం అట్లా ఉండేది కాదు. వడ్రంగి ఇంటికొచ్చి, పడుకునే మనిషిని చూసి పట్టెలు కోసేవాడు. నాగలి మేడి దున్నేవాడి నడుముకి అందాలి, కాడి ఎడ్ల మెడకి కుదరాలి. మన పాత కొలతలే ఒంట్లోంచి వచ్చాయి: మూర, జాన, బెత్తెడు. నా మూరా నీ మూరా ఒకటి కాదని అందరికీ తెలుసు, ఆ తేడాతోనే బజారు నడిచేది. ఆ తేడాతో మోసాలూ జరిగాయి, కాబట్టి పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. వస్తువు మనిషికి కుదరకపోతే వస్తువుని సరిచేసేవారు. మనిషిది పొరపాటనే ఆలోచన ఫ్యాక్టరీతో పాటు వచ్చింది.

ఆ ఆలోచన ఎంత బలహీనమైందో చెప్పే ఉదంతం ఒకటుంది. 1950లో అమెరికా వైమానిక దళం తన పైలట్ల శరీర కొలతలు తీయించింది. అంతకుముందు కాక్‌పిట్లు 'సగటు పైలట్'ని ఊహించుకుని కట్టారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ లెఫ్టినెంట్ 4,063 మంది లెక్కలు ముందేసుకుని, ఎత్తు, ఛాతీ, చేతి పొడవు లాంటి పది కొలతల్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్ళు ఎంతమందో చూశాడు. ఒక్కడు కూడా లేడు. అందరి కోసం అని కట్టిన సీటు నిజానికి ఎవరికీ కాదు. ఆ తర్వాత ముందుకీ వెనక్కీ జరిగే సీట్లూ, పెడళ్ళూ వచ్చాయి. పైలట్లని కాళ్ళు సాగదీసుకోమనలేదు. వాళ్ళు అధికారులు, పైగా విమానం కూలితే ఖర్చు ఎక్కువ.

ఇంతవరకూ తీర్పు నాకే అనుకూలం. బండిని దించేస్తే అయిపోతుంది. కానీ మెకానిక్ దగ్గరికి వెళ్ళాక ఈ తీర్పు అంత నునుపుగా మిగల్లేదు.

మా దారిలో ఒక షెడ్డుంది. పగలు ఫ్యాక్టరీల పైపులకి ఫ్లాంజీలు చేస్తారు, సాయంత్రం బండ్లు చూస్తారు. అక్కడి లేత్ మిషన్ అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నా, దించుడు పెద్ద పని కాదు. దించినంక నిలబెట్టుడే పని" అన్నాడు. ఇది వేదాంతమనుకుని మురిసిపోయాను. అతను మాట్లాడింది సైడ్ స్టాండ్ గురించి. బండి కిందికి దిగితే పాత స్టాండ్ దానికి పొడుగైపోతుంది. బండి వాలాల్సినంత వాలదు, నిటారుగా నిలబడి చిన్న గాలికే అవతలి పక్కకి పడిపోతుంది. అందుకని స్టాండ్ కోసి మళ్ళీ వెల్డింగ్ చేయాలి. వెనక షాక్ అబ్జార్బర్‌ని చక్రానికి కలిపే లింకుల కొలత మారిస్తే బండి ఓ అంగుళం దిగుతుంది. కానీ అప్పుడు ముందు భాగం ఎత్తుగా మిగిలి, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, హ్యాండిల్ తిరగడం బరువవుతుంది. కాబట్టి ముందు ఫోర్కులని కూడా క్లాంపుల్లో అంతే లెక్కన పైకి జరపాలి. ఒక చోట ముట్టుకుంటే మూడు చోట్ల జవాబు చెప్పాలన్నమాట.

అన్నిటికంటే పెద్ద మాట కింద ఖాళీ గురించి. హిమాలయన్ 411 ఇంజన్ కింద 220 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది. ముందు చక్రం 200, వెనక చక్రం 180 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. నర్సాపూర్ అడవి వైపు రాళ్ళ బాటలో ఈ బండి తేలిగ్గా పోతుందంటే కారణం ఇదే. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో సీటు 891 మిల్లీమీటర్ల ఎత్తుకి పోయిందీ ఇందుకే. ఆ ఎత్తు దర్జా కోసం కాదు, రాయి కోసం. లింకులు మార్చి నేను కోసేది ఆ జాగానే. అంటే నా కాళ్ళకి అందేలా చేసే క్రమంలో, దేని కోసం ఈ బండి కావాలనుకున్నానో దాన్నే కొంత తీసేస్తాను.

అప్పుడు నాకు అర్థమైంది, 'నేనా, బండా' అనే ప్రశ్నే మోటుగా ఉందని. 800 మిల్లీమీటర్లలో కొన్ని రాయికి చెందినవి. కొన్ని ఎక్కడో డిజైన్ బల్ల దగ్గర ఊహించుకున్న ఎవరిదో కాలికి చెందినవి. రెండూ కలిసి ఒకే అంకెగా అచ్చయ్యాయి. రాయి అడిగే ఎత్తుకి నేను ఒదగాలి. ఒక పిర్ర సీటు మీంచి పక్కకి జార్చి ఎడమ కాలు పూర్తిగా నేలకి ఆనించడం, ఆగబోయే చోటు పది గజాల ముందే చూసుకోవడం, రోడ్డు వాలు ఎటుందో గమనించడం, ఇవన్నీ నేర్చుకోవాల్సిన విద్యలు, నేర్చుకుంటే ఆనందం కూడా. కానీ ఎవరిదో కాలు అడిగే ఎత్తుకి నేను ఒదగడంలో విద్యేమీ లేదు, ఓర్పు మాత్రమే ఉంది. కష్టం చూడ్డానికి రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. అందుకే 'కష్టపడితే అదే వస్తుంది' అనేవాళ్ళ మాట సగం నిజమై, ఆ సగం వల్ల పూర్తి నిజంలా చలామణీ అవుతుంది.

సీటు ఫోమ్ ఆ రెండో రకం ఎత్తు. రెగ్జిన్ విప్పి, ఫోమ్ 25 మిల్లీమీటర్లు కోసి, ముందు భాగంలో అంచులు సన్నం చేస్తే తొడలు ఎడంగా చాపాల్సిన పని తగ్గి కాలు మరికొంత దిగుతుంది. ఇంజన్ కింద జాగా ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. వంద కిలోమీటర్ల తర్వాత నడుము కింద నొప్పి మాత్రం మొదలవుతుంది. అది నేను ఒప్పుకుని చెల్లించే ధర. 2023లో వచ్చిన కొత్త హిమాలయన్‌లో సీటుని 825కీ 845కీ మార్చుకోవచ్చు, 805కి దించే పొట్టి సీటు కూడా దొరుకుతుంది. సీటు ఎత్తు శిలాశాసనం కాదని తయారు చేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు.

ఇదంతా ఒక మోటార్‌సైకిల్ మీద ఇంత అవసరమా అంటే, నేను పనిచేసే చోట ఇదే లెక్క వేరే రూపంలో రోజూ కనిపిస్తుంది కాబట్టి రాస్తున్నాను. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ మూత దగ్గర నిలబడి పొడి పోయాలి. ఒడిశా నుంచి వచ్చిన ఒక హెల్పర్, నాకంటే రెండంగుళాలు తక్కువ, చెక్క ప్యాలెట్ వేసుకుని దాని మీద నిలబడి పోసేవాడు. ఆడిట్‌లో ప్యాలెట్ ప్రమాదమని తీయించేశారు. అది నిజంగానే ప్రమాదం. కానీ దాని బదులు మెట్లు రాలేదు, పొడుగు మనిషి వచ్చాడు. మూడు మెట్ల స్టీలు ప్లాట్‌ఫారం, పట్టుకోడానికి రెయిలింగ్, మా షెడ్డులో అయితే రెండు రోజుల పని. చేంజ్ కంట్రోల్ కాగితం సంతకాలన్నీ తిరిగొచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. మనిషిని మార్చడానికి కాగితమే అక్కర్లేదు. వేడి, పొడి, ఒత్తిడి, ఇవి రసాయనం అడిగేవి, జాగ్రత్త నేర్చుకుని తీరాలి. మూత ఎత్తు రసాయనం అడిగింది కాదు.

1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనకి ఒక నినాదం పెట్టారు: సైన్సు కనిపెడుతుంది, పరిశ్రమ అమలు చేస్తుంది, మనిషి దానికి తగ్గట్టు సర్దుకుంటాడు అని దాని అర్థం. గొప్పగా, గర్వంగా పెట్టుకున్నారు. గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం చుట్టుపక్కల రాత్రి గాలి వాసన పీల్చినవాళ్ళకి ఈ నినాదం కొత్తగా అనిపించదు. కొత్తగా దిగినవాడు ముక్కు మూసుకుంటే ఇక్కడ చెప్పే మాట ఒక్కటే: "అలవాటైతది." నా బండి గురించీ అదే అన్నారు.

చట్టం సంగతి కూడా చూడండి. తయారీదారు ఇచ్చిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రోడ్డు మీద సైలెన్సర్లు పీకేసి తిరిగేవాళ్ళని చూస్తే ఆ నిబంధన మీద నాకు గౌరవమే. అదే చట్టానికి 2019లో చేసిన సవరణలో శారీరక లోపం, వైకల్యం ఉన్నవారి కోసం మార్చిన బండికి ప్రత్యేకంగా నిర్వచనం ఉంది. మంచిదే. పక్క చక్రాలు బిగించిన స్కూటర్ల మీద మన రోడ్ల మీద ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నవాళ్ళే ఈ విషయంలో మనందరికంటే ముందు నడిచారు. వస్తువుని తమ ఒంటికి కుదుర్చుకోవడంలో నామోషీ ఏమీ లేదని చేసి చూపించారు. నాకు నచ్చనిది ఒక్కటే. ఒంటిని బట్టి బండిని మార్చుకునే ఆ తలుపు మీద 'లోపం' అని రాసి ఉంది. పొట్టిగా ఉండటం లోపం కాదు, నాకు ఆ తలుపు అక్కర్లేదు. మరి నాకు ఏ తలుపు?

నామోషీ గురించి కూడా ఒక మాట. పొట్టి మగవాడికి బండి దించుకోవడం ఓటమిలా కనిపిస్తుంది. లావు సోలు బూట్లు వేసుకుంటాడు, అమ్ముకుంటాడు, కానీ సీటు కోయించడు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని వెక్కిరిస్తూనే, వామనుడు మూడడుగులతో లోకాలు కొలిచాడని మెచ్చుకుంటాం. అక్కడ కూడా కొలవడానికి ఆయన పెరగాల్సి వచ్చిందని గుర్తుంచుకోం.

నేను చివరికి లింకులు ముట్టుకోలేదు. స్టాండ్ అలాగే ఉంది. ఫోమ్ మాత్రం కోయించాను, అదీ విడిగా కొన్న పాత సీటు మీద. ఒరిజినల్ సీటు అటక మీద గోనెసంచిలో ఉంది. మొన్న ఆరడుగుల ఫ్రెండొకడు బండి ఓ రౌండు వేసొచ్చి, మోకాళ్ళు ముడుచుకుపోతున్నాయి, ఇదేం సీటురా అన్నాడు. పైకెక్కి ఆ సంచి దించి, ఆ సీటు బిగించి ఇచ్చాను. నాలుగు బోల్టులు, పది నిమిషాలు.