ఐదవ యత్నము

ధ్యానమునకు: నిర్గమకాండము 23:4, లేవీయకాండము 6:1-7, లూకా 19:1-10

పొరపాటు ఒకడు చేసెను. దాని లాభము వేరొకని చేతిలో పడెను. ఆ రెండవవాడు దొంగిలలేదు, అబద్ధమాడలేదు, ఎవరినీ మోసగింపలేదు. అట్టివాడు ఆ లాభమును తిరిగి ఇయ్యవలెనా? అంగడిలో చిల్లర ఎక్కువగా వచ్చిన దినమున ఈ ప్రశ్న సుళువైనదే. వేలాదిమంది కన్నులయెదుట గెలిచిన గెలుపును గూర్చి అదే ప్రశ్న వచ్చినయెడల ఏమి? అమెరికా దేశపు కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రలో ఏబది సంవత్సరముల యెడముతో రెండు పర్యాయములు ఈ ప్రశ్న వచ్చెను; రెండు జవాబులు వచ్చెను.

అచ్చటి ఫుట్‌బాల్ మన దేశములో ఆడునది కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. బంతి తమ వశమున నున్న పక్షమువారికి పది గజములు సాగుటకు, లేదా గమ్యరేఖ దగ్గరలోనున్న దానిని దాటుటకు, నాలుగు యత్నములు మాత్రమే ఇయ్యబడును. సాగనియెడల బంతి ఎదిరిపక్షమునకు పోవును. ఐదవ యత్నమనునది ఆ ఆటలో లేదు.

1940వ సంవత్సరమున కార్నెల్ విశ్వవిద్యాలయపు జట్టుకు పదునెనిమిది ఆటలుగా ఓటమి లేకుండెను. ఆ సంవత్సరము కొన్ని వారములు పత్రికలవారు దానిని దేశమంతటిలో ప్రథమముగా ఎంచిరి. నవంబరు 16న అది హానోవరు పట్టణములో డార్ట్‌మత్ కళాశాలతో తలపడెను. డార్ట్‌మత్ 3-0 ఆధిక్యముతో నుండగా, ఆట ముగియుటకు కొద్ది క్షణములే మిగిలియుండగా, కార్నెల్ నాలుగవ యత్నమున విసరిన బంతి వ్యర్థమయ్యెను. రిఫరీ రెడ్ ఫ్రీసెల్ లెక్క తప్పి బంతిని మరల కార్నెల్‌కే ఇచ్చెను. ఐదవ యత్నమున వారు టచ్‌డౌన్ సాధించి 7-3తో గెలిచిరి.

ఆట ముగిసిన పిమ్మట ఫలితమును మార్చు అధికారము రిఫరీకి లేదు. కార్నెల్ తానై విడిచిననే తప్ప ఆ గెలుపు కార్నెల్‌దే. ఆ జట్టు శిక్షకుడు కార్ల్ స్నేవ్లీ ఆటలను చలనచిత్రముగా తీయించి పరిశీలించువాడు. ఆ కాలమున అది అరుదైన అలవాటు. తన జట్టును దిద్దుకొనుటకు తీయించిన ఆ చిత్రమే తన జట్టుకు విరోధముగా సాక్ష్యమిచ్చెను. సోమవారమున ఫ్రీసెల్ తన తప్పును ఒప్పుకొనెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఎడ్మండ్ ఎజ్రా డే మొదలైనవారు గెలుపును విడిచిపెట్టుటకు సమ్మతించిరి. డార్ట్‌మత్‌కు తంతి పోయెను. మరుసటి వారము కార్నెల్ పెన్సిల్వేనియా చేతిలో 22-20తో ఓడెను. న్యాయము చేసినవానికి వెంటనే బహుమానము దొరకునని బోధించువారు ఈ సంగతిని గమనింతురు గాక.

శత్రువుని ఎద్దు తప్పిపోయి ఎదురుపడినయెడల దానిని తోలుకొనిపోయి అతనికి అప్పగింపవలెనని నిర్గమకాండము విధించుచున్నది. ఎద్దు తప్పిపోవుటలో దానిని కనుగొన్నవాని దోషమేమియు లేదు. కాని చూచిన క్షణము మొదలుకొని అతడు ఎరిగినవాడు. అటుపిమ్మట ఆ ఎద్దు అతని దొడ్డిలో గడపు ప్రతి రాత్రియు అతని లెక్కకే వచ్చును.

రెండవ సంగతి 1990 అక్టోబరు 6న మిస్సోరి విశ్వవిద్యాలయపు మైదానమున జరిగెను. కొలరాడో జట్టు ఐదవ యత్నమున గమ్యరేఖ దాటి 33-31తో గెలిచెను. లెక్క తప్పిన అధికారులు పదవినుండి తాత్కాలికముగా తొలగింపబడిరి; ఫలితము మాత్రము నిలిచెను. ఆ సంవత్సరాంతమున పదునొకండు గెలుపులు, ఒక ఓటమి, ఒక సమానఫలితముతో కొలరాడోను పత్రికారచయితలు దేశములో ప్రథమముగా ఎంచిరి. శిక్షకులు ఎంచినది జార్జియా టెక్‌ను. కొలరాడో శిక్షకుడు బిల్ మెకార్ట్నీ అనామక క్రైస్తవుడు కాడు. ప్రామిస్ కీపర్స్ అను పురుషుల ఉద్యమమునకు అదే సంవత్సరమున పునాది వేసినవాడు. విద్యార్థిగా మిస్సోరి పక్షముననే ఆడినవాడు.

కొలరాడో పక్షమున చెప్పదగిన మాట యొకటి కలదు, దానిని త్రోసివేయరాదు. గడియారమును ఆపుటకై వారు నాలుగవ యత్నమున బంతిని బుద్ధిపూర్వకముగా నేలకు కొట్టిరి. సూచిక దానిని మూడవదిగా చూపుచుండెను. అది చివరిదని ఎరిగియుండినయెడల అట్లు వ్యర్థపరచియుండరు. కార్నెల్ నిజముగా ప్రయత్నించి తప్పిపోయెను. కొలరాడో తప్పుడు లెక్కను నమ్మి చెడెను. ఈ వాదము బలమైనదే. అయినను గెలుపు ఎవరిదో తేలలేదని మాత్రమే ఇది చూపును. కొలరాడోదని ఋజువు చేయదు. మెకార్ట్నీ ముఖ్యముగా చెప్పిన సమాధానము వేరు: మైదానము జారుడుగా నుండి తమవారిని పడవేసెనని. ఆ ఇబ్బంది నిజమే కావచ్చును. తన నష్టమునకు బదులుగా పొరుగువాని ఎద్దును ఉంచుకొనవచ్చునని ధర్మశాస్త్రము ఎక్కడను చెప్పలేదు.

హెబ్రీ భాషలో 'ఆషామ్' అను మాట యున్నది. అపరాధమునకు అదే మాట, దానిని తీర్చుటకు తెచ్చు బలికిని అదే మాట. తెలుగులో 'అపరాధము' అనియు 'అపరాధపరిహారార్థబలి' అనియు విడదీయక తప్పదు. ఆ విడదీతలో కొంత జారిపోవును. లేవీయకాండములో చెప్పబడినవాడు బొంకినవాడు, మెకార్ట్నీ బొంకలేదు. అయినను అచ్చటి క్రమము చూడదగినది: మూలధనమును, దానిపై అయిదవవంతును సొత్తుగలవానికి చెల్లించుట, యెహోవాకు బలి తెచ్చుట ఒకే దినపు పని. జక్కయ్యయు ప్రభువు ఇంకను తన యింట నుండగానే నాలుగంతల మాట ఎత్తెను.

1998లో, మిస్సోరి రాష్ట్రముననే జరిగిన ప్రామిస్ కీపర్స్ సభలో, మెకార్ట్నీ ఆ ఆటను గూర్చి తన పరితాపమును బహిరంగముగా తెలిపెను. నష్టపడినవారి యెదుట నిలిచి పలికిన ఆ మాట తేలికగా ఎంచదగినది కాదు. కాని అప్పటికి ఆయన శిక్షకపదవిని విడిచి మూడు సంవత్సరములు దాటెను; తిరిగి ఇచ్చుటకు ఆయన చేతిలో ఏమియు మిగిలియుండలేదు. కార్నెల్ వారు శనివారమున గెలిచి సోమవారమున ఇచ్చివేసిరి.

మెకార్ట్నీ 2025 జనవరిలో ప్రభువునందు నిద్రించెను. 1940 నాటి ఆట లెక్కల పుస్తకములో 3-0గా నున్నది. 1990 నాటిది 33-31గానే యున్నది.